ఎడమ పక్కన చిట్టి

పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు విల్లాలుగా మారి, ఆ విల్లాల్లోకి మనుషుల కంటే ముందు కుక్కలు దిగుతున్న రోజులవి. శంషాబాద్ నుంచి మంఖాల్ వైపు పోయే దారిలో పొద్దున్నే నిలబడితే, మా వాడ పిల్లలు బస్సు వెంట ఉరుకుతూ కనిపించేవాళ్లు, వాళ్లను దాటుకుంటూ ఏసీ కార్లలో కుక్కలు బడికి పోయేవి. అవును, బడికే. తొమ్మిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ కుదరక నేను చదువుకు దండం పెట్టి వచ్చేశాక, చాయ్ బండి, పంక్చర్ దుకాణం, ఎయిర్‌పోర్టు దగ్గర కార్లు కడిగే పని (అక్కడ కార్ల కంటే నేనే ఎక్కువ తడిసేవాణ్ణి) అన్నీ తిరిగి చివరికి చేరింది ఆ కుక్కల బడికే. నేను వదిలేసిన చదువును అవి చదువుకునేవి, నేను వాటి గిన్నెలు కడిగేవాణ్ణి. సంగతి తెలిస్తే మా లెక్కల సారు ఆ రోజు ఊరంతా మిఠాయి పంచేవాడు.

ఇందులో ఒక్కటే చిక్కు. నాకు కుక్కలంటే భయం. కొందరు కుక్కను చూసి భయపడతారు, నేను ‘కుక్క ఉంది జాగ్రత్త’ అన్న బోర్డును చూసి కూడా రోడ్డు అవతలికి దాటేవాణ్ణి. చిన్నప్పుడు ఒక ఆదివారం మటన్ పొట్లంతో ఇంటికి వస్తుంటే మా గల్లీ కుక్క తరుముకుంది. పొట్లం పారేస్తే అది ఆగిపోయేది. కానీ పొట్లం లేకుండా ఇంటికి పోతే మా బాపు తరుముతాడు. ఇద్దరిలో ఎవరు నయమో తేల్చుకోలేక బస్టాండు దాకా ఉరికాను. చివరికి అది నన్ను కరవలేదు, నా చెప్పును కరిచింది. అయినా మా అమ్మ నన్నూ చెప్పునూ దవాఖానకు తీసుకుపోయి, సూది వేయాల్సిందేనని డాక్టరుతో కొట్లాడింది. (సూది పిల్లాడికా, చెప్పుకా అని ఆయన అడిగాడట.) అక్కడ పని కాకపోయేసరికి, భయం పోవడానికని నా ఎడమ చేతికి నల్లదారంతో ఒక తాయత్తు కట్టించింది. భయం పోలేదు, తాయత్తూ పోలేదు, రెండూ నాతోపాటే పెరిగాయి. కుక్కల బడిలో పని చూసిపెట్టిన మా మేనమామకు ఇదంతా విడమరిచి చెప్పాను.

"ఏయ్, గవి గల్లీ కుక్కలు కాదురా," అన్నాడు మామ. "సదువుకుంటున్న కుక్కలు. సదువుకున్నోళ్లు ఎవర్నన్న కరుస్తరా?"

చదువుకున్నవాళ్ల మీద మా మామకు అంత నమ్మకం ఉండడానికి కారణం, ఆయన కూడా నాలాగే బడి మధ్యలోంచి వచ్చేసినవాడు కావడం.

ఆ బడి పెద్దను అందరూ సీదా సార్ అనేవాళ్లు. ఎక్కడో పెద్ద పెద్ద కుక్కలతో ఉద్యోగం చేసి, రిటైరై వచ్చి, ఒక రేకుల షెడ్డూ దాని ముందున్న గడ్డి మైదానమూ కిరాయికి తీసుకుని బడి పెట్టాడు. ఆ మైదానం మీదుగా విమానాలు ఎంత కిందుగా దిగేవంటే, కిటికీ పక్కన కూర్చున్నవాడు తినేది పల్లీలా చిప్సా చెప్పొచ్చు (కొంచెం ఎక్కువ చెప్పాను, కానీ చక్రాలు మాత్రం లెక్కపెట్టొచ్చు). ఆ చప్పుడును కూడా చీల్చుకుని వినిపించే మాట ఒకటే, సారు నోటి నుంచి వచ్చే "సీదా!" కుక్క సీదాగా కూర్చోవాలి, సీదాగా నడవాలి, సీదాగా చూడాలి. ఆయనకు ఇంకో అలవాటుంది, మనిషి మొహం చూడడు. మాట్లాడేది మనతోనే, చూపు మాత్రం మన పక్కనున్న కుక్క మీద. వచ్చినవాళ్లను కూడా కుక్కలతోనే గుర్తుపట్టేవాడు. "బుల్లెట్ వాళ్ల నాయిన వచ్చిండు, కుర్చీ ఎయ్." "టామీ వాళ్ల అమ్మకు చాయ్ తే." ఒకసారి కుక్క లేకుండా వచ్చిన ఒక పెద్దమనిషిని, మీరెవరో తెలియదని గేటు దగ్గరి నుంచే పంపించేశాడు. (ఆయన ఆ షెడ్డు ఓనరు.) సారుకున్న ఈ అలవాటే ముందు ముందు మా కొంప ముంచబోతోందని అప్పుడు మాకు తెలియదు.

ఆ బడిలో చెప్పేది కూర్చో, షేక్‌హ్యాండ్ ఇయ్యి లాంటి అఆలు కాదు, పోటీల చదువు. ‘హీల్’ అనగానే కుక్క వచ్చి మనిషి ఎడమ కాలి పక్కన నిలబడాలి. దాని భుజం మన ప్యాంటు పక్కకుట్టుకు సమానంగా ఉండాలి. బెత్తెడు ముందుకు పోయినా తప్పే, వెనక పడినా తప్పే. మనం నడిస్తే అది నడవాలి, ఆగితే మాట చెప్పకుండానే కూర్చోవాలి, కూర్చున్నప్పుడు తోక వైపు బయటికి జరగకుండా, గోడకు ఆనించిన బీరువాలా ఉండాలి. ఇద్దరు మనుషుల్ని కొంత దూరంలో నిలబెట్టి, వాళ్ల చుట్టూ ఎనిమిది అంకె వేసినట్టు కుక్కను తిప్పడం కూడా ఒక పరీక్ష. అలా నిలబడే మనుషులు కదలకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కుక్కను పలకరించకూడదు. రోజూ ఇద్దరు మనుషులు ఎక్కడ దొరుకుతారు? అందుకని ఒక పక్కన వెదురు బొంగు పాతారు, రెండో పక్కన నన్ను నిలబెట్టారు.

నా చుట్టూ లాబ్రడార్లు, డాబర్‌మ్యాన్‌లు, బుల్లెట్ అనే ఒక నల్లటి రాట్‌వీలర్ (దాని తల మా ఇంట్లో కట్టెల పొయ్యి అంత ఉండేది) ముక్కులు తాకిస్తూ తిరుగుతుంటే నేను కళ్లు కూడా ఆర్పేవాణ్ణి కాదు. సారు మురిసిపోయేవాడు. "గీ పోరన్ని చూడుండ్రి! గా బొంగన్న గాలికి ఊగుతది గని గీడు ఊగడు. గింత ధైర్యమున్నోన్ని నా సర్వీసుల చూడలె!" నేను ఊగనిది ధైర్యంతో కాదు సార్, మోకాళ్లు బిగుసుకుపోయి, అని చెబుదామంటే నా దవడ కూడా బిగుసుకుపోయి ఉండేది.

అలాంటి సమయంలో చిట్టి వచ్చింది. కూనగా ఉన్నప్పుడు అరచేతిలో పట్టిందని ఆ పేరు పెట్టారట. నేను చూసేటప్పటికి అది వెనక కాళ్ల మీద లేస్తే నా నుదురు నాకగల ఆల్సేషియన్. దాని యజమానికి కొత్తూరులో గోడౌన్లున్నాయి కనుక మేం గోడౌన్ బాబుగారు అనేవాళ్లం. కోస్తా వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి, ఎంత కోపమొచ్చినా ‘అండి’ వదిలేవాడు కాదు. చిట్టి ఇంటికొచ్చిన చుట్టాల్ని గుమ్మంలోనే పడగొట్టి పలకరిస్తోందట. ఈమధ్య వాళ్ల వియ్యపురాలిని కూడా పడగొట్టింది.

"చూడండి మాస్టారూ, ఇంట్లో ఉండాలంటే ఎవరికైనా ఒక పద్ధతుండాలి," అన్నాడు బాబుగారు. "ఈ చలికాలం పోటీలో ఇది పాసైతే ఇంట్లో ఉంటుంది. తప్పిందా, కొత్తూరు గోడౌన్ గేటుకి గొలుసేసి కట్టించేస్తాను. అక్కడ పద్ధతి అక్కర్లేదండి, అరిస్తే చాలు."

ఆ మాట విని నా మనసు కొత్తూరుకే ఓటేసింది. కానీ అదే వారంలో సీదా సార్ శంషాబాద్ బస్టాండు ముందు బండి మీద పోతూ, రోడ్డు పక్కన ఒక వీధికుక్క వంకరగా కూర్చుందని దాన్నే చూస్తూ పోయి డివైడర్‌ను గుద్దాడు. కాలికి సిమెంటు కట్టు వేయించుకుని, కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే నా మొహం చూడకుండా చెప్పాడు.

"ఇగ చిట్టిని పోటీల నువ్వే నడిపియ్యాలె."

"సార్, నాకు కుక్కలంటే భయం సార్!" దవడ అప్పటికి వదులైంది.

"ఏం పరేషాన్ గాకు బిడ్డా, నేనున్న గద. అన్ని నేను చూస్కుంట," అని సారు ఎంతో ప్రేమగా ధైర్యం చెప్పాడు. నాకు కాదు, చిట్టికి.

ఆ విధంగా మా ఇద్దరి చదువు మొదలైంది. ఉడకబెట్టిన కోడి కార్జం ముక్కలు ఎడమ చేతిలో పట్టుకుని, ఆ చేతిని ప్యాంటు కుట్టు దగ్గర పెట్టుకుంటే, కుక్క తల అక్కడికి వస్తుంది. సరైన చోటికి రాగానే ముక్క ఇవ్వాలి. ముక్క ఇవ్వడమంటే, తెల్లటి పళ్ల వరసలోకి నా సొంత వేళ్లను నేనే పంపడం. చిట్టికది బాలాపూర్ లడ్డూ, నాకు మాత్రం రోజూ చేతి వేళ్ల వేలంపాట. వెనక కాళ్లు తిప్పడం నేర్పడానికి సిమెంటు తట్ట బోర్లించి, ముందు కాళ్లు దాని మీద పెట్టించి, గడియారం ముల్లులా చుట్టూ తిప్పేవాళ్లం. సీదాగా ఎదురొచ్చి కూర్చోవడానికి నేల మీద రెండు ప్లాస్టిక్ పైపులు పరిచి సందు చేసేవాళ్లం. చిట్టి ఆ సందు అవతలి కొసలో కూర్చునేది, ఇవతలి కొసలో నేను నిలబడేవాణ్ణి. ఒక్కసారి ‘కమ్’ అనాలి. అది బాణంలా ఉరికొచ్చి, నా బెల్టుకు ముక్కు ఆనేంత దగ్గరగా, నా కాళ్ల ముందు కూర్చోవాలి. రాసుకోవడానికి ఎంత సులువుగా ఉంది! ఎన్నో ఏళ్ల కింద ఒక కుక్క ఉరికొస్తుంటే బస్టాండు దాకా పారిపోయిన మనిషిని, ఇప్పుడు ఇంకో కుక్కను తనే పిలిచి, అది ఉరికొస్తుంటే కదలకుండా నిలబడమంటున్నారు. నిలబడ్డాను. ‘కమ్’ అన్న వెంటనే కళ్లు గట్టిగా మూసి, భుజాలు చెవుల దాకా ఎత్తి, పొట్ట లోపలికి పీల్చుకుని, ఇంటి దేవుడు మల్లన్నను తలచుకునేవాణ్ణి. కాసేపటికి బెల్టు మీద వేడి ఊపిరి తగిలేది. బతికే ఉన్నానని అప్పుడు తెలిసేది.

పక్కన నడిచేటప్పుడైతే నా చేయి దాని దగ్గరుండేది, మిగతా నేనంతా వీలైనంత దూరంగా ఉండేవాణ్ణి. "శాబాష్! ఏం సీదా ఉన్నదిరా!" అని సారు కుర్చీలోంచి అరిచేవాడు. నిజమే, చిట్టి దారం పట్టి గీసినట్టు ఉండేది. ఆ రోజుల్లోనే ఒకసారి కార్జం ముక్కతోపాటు నా చేతి తాయత్తును కూడా లాగి మింగేసింది. అమ్మకు చెబితే నెత్తి కొట్టుకుంది. "భయం పోనీకి కట్టిచ్చిన తాయత్తు గది! కుక్క మింగితే ఎట్లరా? ఇగ దానికి భయం పోతది గని నీకు పోతదా?" అమ్మ అన్నట్టే అయింది. ఆ తర్వాత చిట్టి తల మీద విమానం దిగినా చెవి కదిపేది కాదు.

కానీ అమ్మ లెక్క సగమే సరిపోయింది. పోటీకి కొద్దిరోజుల ముందు, ఒక మధ్యాహ్నం అన్నం తిని షెడ్డు నీడలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. చిట్టి వచ్చి నా పాదం మీద గడ్డం పెట్టి పడుకుంది. మామూలుగా అయితే నా కాలు నాకంటే ముందు గోడ దూకేది. ఆ రోజు కాలు అక్కడే ఉంది. దాని గడ్డం బరువుకు పాదం తిమ్మిరెక్కుతుంటే, కదిలితే లేస్తుందేమోనని నేను కదలకుండా కూర్చున్నాను. చాలాసేపటికి గానీ నాకు తట్టలేదు, నేను భయంతో బిగుసుకుపోలేదని. మొదటిసారి ఒక కుక్క కోసం కదలకుండా ఉన్నాను. అప్పుడే కొత్తూరు గుర్తొచ్చి, అక్కడి గేటు, ఎండ, గొలుసు కళ్ల ముందు కనబడ్డాయి. నా ఓటు వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు మైదానంలోకి దిగి, ఛాతీ విరిచి, కొత్త పెళ్లికొడుకులా నడిచాను. చిట్టి వంకర పోయింది. నేను ఆగితే అది కూర్చుంది, కానీ తోక వైపు ఎటో బయటికి పోయింది. నడిస్తే భుజం నన్ను దాటి ముందుకు వెళ్లింది. మళ్లీ చేశాం, మళ్లీ వంకర. సారు కుర్చీలోంచి లేవబోయి, కట్టు గుర్తొచ్చి కూలబడ్డాడు. "అరే, నిన్నటిదాంక మంచిగుండె గద! ఏమైంది దీనికి? ఏం తిన్నది? కడుపుల నొప్పా?" అని దాని కళ్లు, చెవులు, పళ్లు, పంజాలు అన్నీ చూశాడు. ఖర్మ కాలి అప్పుడే బాబుగారి కారు వచ్చింది. ఆయన కాసేపు నిలబడి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"ఇదేనాండీ మీరు నేర్పింది? సరేనండి. ఆదివారం పోటీ దగ్గరికే గోడౌన్ ట్రాలీ ఆటో పంపిస్తాను. ఇలాగే కూర్చుంటే అటు నుంచి అటే తీసుకుపోతారు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున నేను మరిచిపోయి వచ్చిన సద్ది డబ్బా పట్టుకుని మా అమ్మ మైదానం దాకా వచ్చింది. గేటు దగ్గరే నిలబడి (ఆమెకూ కుక్కలంటే భయమే, మా ఇంట్లో ఆస్తి అదొక్కటే) నన్నూ చిట్టినీ చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏందిరా, ఇయ్యాల బిందె దించినవా?"

"ఏం బిందెనే అమ్మా?"

"మొన్నటిదాంక నీళ్ల బిందె సంకల పెట్టుకున్న ఆడిపిల్ల లెక్క వంకర వంకర నడిచినవు గదరా. రోడ్డు మీదికెల్లి చూసి మస్తు నవ్వుకుంటుంటిమి. ఇయ్యాల సిపాయి లెక్క నడుస్తున్నవు!"

సారు మెల్లగా తల తిప్పాడు. ఇన్నాళ్లలో మొదటిసారి, కుక్కను వదిలేసి నన్ను చూశాడు. కింది నుంచి పైదాకా చూశాడు. "గది మల్లొకసారి నడిచి సూపియ్," అన్నాడు. "బిందె లెక్క."

అప్పుడు అర్థమైంది మాకు. చిట్టి నేర్చుకున్నది నా పక్కన ఉండడం కాదు, భయపడుతున్న నా పక్కన ఉండడం. నడుము కుడికి వంగి, ఎడమ భుజం వెనక్కి లాగి, కార్జం చేయి మాత్రం భిక్ష వేస్తున్నట్టు చాచి నేను నడిచే ఆ నడకను కొలతగా తీసుకుని, ఆ వంకరకు తను సీదాగా సర్దుకుంది. సారు కుక్కనే చూశాడు, కుక్క నన్నే చూసింది. నన్ను చూసిన మనిషి ఒక్కరూ లేరు, రోడ్డు మీద నవ్వుకున్న మా అమ్మ తప్ప. ఇప్పుడు కొలతబద్ద నిటారుగా నిలబడేసరికి పాపం కొలత తప్పింది. కొత్తగా నేర్పడానికి రోజులు లేవు. ఉన్న దారి ఒకటే, నేను మళ్లీ భయపడాలి.

ప్రపంచంలో ఏ బడిలోనైనా ఇలాంటి పాఠం చెప్పి ఉంటారా? సారు కుర్చీలోంచి కర్ర ఊపుతూ, "భయపడురా! జర మంచిగ భయపడు! అబ్బ, గట్ల కాదు, గది నడుము నొప్పోని లెక్కున్నది. మొన్నటి భయం యాడ పోయిందిరా నీది?" అని అరుస్తుంటే, నేను వంగి, వంకర తిరిగి, భుజం లాగి, నానా అవస్థలు పడ్డాను. చిట్టి తల పక్కకు వాల్చి నన్ను చూసింది. నాటకమని దానికి తెలిసిపోయింది. ఉత్త వంగడం చాలదు, భయపడ్డప్పుడు ఊపిరి, అడుగు, మోచేయి, అన్నీ కలిసే వంగుతాయి, అది దానికి తెలుసు. చివరి ప్రయత్నంగా సారు, నిజం భయం పుట్టించాలని బుల్లెట్‌ను తెప్పించి పక్కన నిలబెట్టించాడు. భయం పుట్టింది. కాకపోతే బుల్లెట్‌ను నాకు కుడి వైపు నిలబెట్టారు, దాంతో నేను ఎడమకు వంగి చిట్టి మీద పడ్డాను. "నీకు సక్కగ భయపడుడు గూడ రాదురా!" అని సారు కర్ర పారేశాడు. తొమ్మిదో తరగతిలో లెక్కల సారు కూడా అచ్చం అలాగే చాక్‌పీసు పారేశాడు.

ఆదివారం వచ్చింది. పోటీ మా మైదానానికి కాస్త అవతలే, ఒక ఫంక్షన్ హాలు వెనక పచ్చికలో. తాళ్లు కట్టి చతురస్రం చేశారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక మేడం జడ్జి. సారు కర్ర ఆనించుకుని తాడు అవతల నిలబడ్డాడు. బాబుగారు మొదటి వరస కుర్చీలో కూర్చున్నాడు. నేను ఉతికిన ప్యాంటు వేసుకుని, నడుము వంచాలా వద్దా, వంచితే ఎంత వంచాలి అని లెక్కలేసుకుంటూ (నాకు, లెక్కలు!) చిట్టితో తాడు దగ్గరికి వచ్చాను. అక్కడ గేటు పక్కన ట్రాలీ ఆటో ఆగి ఉంది. డ్రైవరు బీడీ ఆర్పి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జల్ది అయితదా? కొత్తూరుల గేటు కాడ గుంజ గూడ పాతి పెట్టినం. గొలుసు తెచ్చిన, జర సూడుండ్రి, దీని మెడకు సరిపోతదా?" అని గొలుసును ఎత్తి చూపించాడు. లారీలకు కట్టే గొలుసది. చిట్టి దాన్ని వాసన చూసి, ఆటవస్తువనుకుని తోక ఊపింది.

నా చెవుల్లో గుయ్యిమంది. జడ్జి మేడం "ఫార్వర్డ్" అన్న మాట ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. నేను వంగలేదు, వంగాలనుకోనూ లేదు. నా నడుమే కుడికి పోయింది, ఎడమ భుజం దానంతటదే వెనక్కి లాక్కుంది, చేయి ప్యాంటు కుట్టు దగ్గరికి చేరింది. భయం వచ్చేసింది. చిన్నప్పటి బస్టాండు భయం కంటే పెద్దది. అప్పుడు కుక్కను చూసి భయం, ఇప్పుడు కుక్క కోసం భయం, కానీ నా ఒంటికి ఆ తేడా తెలియదు, దానికి తెలిసిన వంకర ఒకటే. చిట్టి తలెత్తి నా మొహం చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే, ‘ఎటు పోయినవురా ఇన్ని దినాలు?’ అన్నట్టు. అంతే, దాని భుజం వచ్చి నా ప్యాంటు కుట్టుకు అతుక్కుంది.

నడిచాం, తిరిగాం, ఆగాం. ఆగిన ప్రతిసారీ అది గోడకు ఆనించిన బీరువాలా కూర్చుంది. జనం నన్ను చూసి నవ్వుతున్నారు, చిట్టిని చూసి నోళ్లు మూసుకుంటున్నారు. ఇక చివరి పరీక్ష మిగిలింది, పిలుపు. చిట్టిని అవతలి మూలన కూర్చోబెట్టి, నేను ఇవతలికి వచ్చి నిలబడ్డాను. ఒక్కసారే పిలవాలి, రెండోసారి పిలిస్తే ఫెయిల్. మేడం చేయి ఊపింది. నేను "కమ్!" అన్నాను. సరిగ్గా అప్పుడే తల మీద విమానం దిగింది.

ఎంత మంది ప్రయాణికులున్నారో, ఎక్కడి నుంచి వస్తున్నారో, వాళ్లందరినీ తిట్టుకున్నాను. నా గొంతు నాకే వినబడలేదు. చప్పుడుకు బెదరని మా చిట్టి (తాయత్తు మహిమ) చెవులు నిక్కబొడుచుకుని అక్కడే కూర్చుని ఉంది. పిలుపు వినలేదు. అది కదలదు, ఎందుకంటే పిలిచేదాకా కదలకూడదని నేర్పింది మేమే. మళ్లీ పిలవడానికి లేదు, చేయి ఊపడానికి లేదు. అయిపోయింది, గుంజ, గొలుసు, కొత్తూరు. ఇక చూడలేక కళ్లు గట్టిగా మూసుకున్నాను. భుజాలు చెవుల దాకా వచ్చాయి. పొట్ట లోపలికి పోయింది. మల్లన్నా, అన్నాను.

విమానం చప్పుడు తగ్గుతుండగా, బెల్టు మీద వేడి ఊపిరి తగిలింది.

కళ్లు తెరిచాను. చిట్టి నా కాళ్ల ముందు, రెండు బూట్లకూ సరిగ్గా మధ్యలో, ముక్కు పైకెత్తి కూర్చుని ఉంది. దానికి పిలుపు వినబడలేదు, కానీ నేను భయపడడం కనబడింది. ఇన్ని నెలలూ ప్రతి పిలుపు వెనకా నేను కళ్లు మూసి ముడుచుకుపోవడం చూసి చూసి, అదే పిలుపనుకుంది. ఎవరైనా భయంతో ముడుచుకుపోతే దగ్గరికి ఉరికి పోవాలని, ఎదురుగా కూర్చోవాలని, దానికి నేర్పింది నేనేనట, నాకే తెలియదు.

జడ్జి మేడం నల్ల కళ్లద్దాలు తీసి చూసింది. "డాగ్ ఫస్ట్ క్లాస్. పాస్," అంది. వెళ్లబోతూ ఆగి, "నువ్వు మాత్రం ఒకసారి నడుము డాక్టరుకు చూపించుకో బాబూ," అని ఎంతో జాలిగా చెప్పింది. బాబుగారు లేచి వచ్చి చిట్టి తల నిమిరి, "పద్ధతంటే ఇదండీ," అని తనే నేర్పినట్టు అందరికీ చెప్పుకున్నాడు. ట్రాలీ ఆటో ఖాళీగా పోయింది. సారు కర్ర మీద కుంటుకుంటూ వచ్చి, మళ్లీ ఎప్పటిలాగే నన్ను చూడకుండా చిట్టినే చూస్తూ అన్నాడు, "సీదా ఉన్నవు బిడ్డా." ఈసారి ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

చిట్టి బాబుగారింట్లోనే ఉంది, చల్లటి మార్బుల్ మీద, ముసలిదై కన్నుమూసే దాకా. (వియ్యపురాలిని మళ్లీ పడగొట్టిందనుకోండి, కానీ అప్పటికి మెడల్ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.) సారు ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆ మైదానంలో "సీదా!" అని అరుస్తున్నది ప్రస్తుతం నేనే. కుక్కల్ని తెచ్చేవాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను, కుక్కను తర్వాత చూద్దాం, ముందు మీరు నడవండి అని. వాళ్లు నవ్వుతారు. బుల్లెట్ లాంటివి ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి, కుక్కల భయం ఇప్పుడు లేదు. మనుషులకుండే మిగతా భయాలు మాత్రం ఎక్కడికి పోతాయి? మొన్న మా పాపకు జ్వరమొచ్చి దవాఖాన బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, మా ఆవిడ బెంచీ మీది నుంచి అంది, "ఏందయ్యా, గట్ల కుడి దిక్కుకు ఒరిగి నడుస్తున్నవు? ఎడమ దిక్కు గింత జాగ ఎవరికి ఇడిసిపెట్టినవు?"

చూసుకుంటే నిజమే. భుజం వెనక్కి పోయింది, ఎడమ చేయి ప్యాంటు కుట్టు దగ్గరికి చేరింది. "నడుము నొప్పి," అని చెప్పి నవ్వేశాను. నవ్వాను కానీ నిటారు కాలేదు. డాక్టరు వచ్చి జ్వరం తగ్గిందని చెప్పేదాకా, కుక్కంత ఆ జాగాను అలాగే ఉంచి నడిచాను.